గార్గమెల్ పాకశాస్త్రము

పిల్లల కథలలోని దుష్టపాత్రలను గూర్చి పెద్దలము సాధారణముగా నాలోచింపము. దుష్టుడు వచ్చును, ఓడిపోవును, పిల్లలు చప్పట్లు కొట్టుదురు, కథ ముగియును. కాని కొందఱు దుష్టులు ఎన్నిమార్లు ఓడినను మరల మరల వచ్చుచుందురు. అట్టివారు వచ్చినప్పుడెల్ల ఏదో యొక యభిప్రాయమును మన యింట వదలిపోవుట కలదు. అది మంచిదో చెడ్డదో చూచుకొనవలసిన భారము తల్లులది.

ఇటీవల మా మనుమరాలు టెలివిజనులో నీలిరంగు మఱుగుజ్జుల బొమ్మలాట చూచుచు నన్నొక ప్రశ్న యడిగెను. "అమ్మమ్మా! ఈ ఊళ్ళో అంతమంది మగపిల్లలుంటే ఆడపిల్ల ఒక్కతే ఎందుకుంది?" అనెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. కథ పూర్వోత్తరములు తెలిసికొనగా, ఆ సమాధానము అందలి దుష్టుని వంటపాత్రలో దొరకినది. ఈ మాసము మన ప్రసంగమునకు అదియే విషయము.

ఐరోపాలో బెల్జియము చిన్న దేశము. ఉత్తరభాగమున ఫ్లెమిషు ప్రజలు డచ్చిభాషను, దక్షిణభాగమున తక్కినవారు ఫ్రెంచిభాషను మాటలాడుదురు. ఇరువురకును బొమ్మలకథలనిన మక్కువ మెండు. 1928లో బ్రస్సెల్సు ప్రాంతమున జన్మించిన పియేర్ కల్లిఫోర్డ్ అను చిత్రకారుడు, పేయో అను పేరుతో స్పిరూ అను పిల్లల వారపత్రికలో కథలు వ్రాయుచుండెను. 1958 అక్టోబరులో తన వేఱొక కథలో నీ మఱుగుజ్జులను మొట్టమొదట ప్రవేశపెట్టెను. ఫ్రెంచిలో వీరి పేరు ష్ట్రూంఫులు. డచ్చిభాషలోనికి మార్చినపుడు స్మర్ఫులు అనిరి. ఆ డచ్చి పేరే ఇంగ్లీషునకు ప్రాకి, అచ్చటినుండి మన పిల్లల నాలుకలపైకి వచ్చినది.

ఇచ్చట మన కానందము గూర్చు విషయ మొకటి కలదు. పేయో భార్య నీన్ ఆ బొమ్మలకు రంగులు వేయుచుండెడిది. ఆకుపచ్చ వేసినచో మఱుగుజ్జులు అడవి యాకులలో కలిసిపోవుదురు, ఎఱుపు వేసినచో కన్ను చెదరును, కాబట్టి నీలము మేలని నిర్ణయించినది ఆమెయే. ఒక జాతికంతకు మేనిచాయ నిచ్చినది ఒక గృహిణి చేయి యన్నమాట.

ఇక గార్గమెల్. ఇతడు 1959లో వచ్చిన కథలో మొదట కనుపించెను. చిరిగిన నల్లని అంగీ, వంకర ముక్కు, పాడుపడిన యిల్లు, తోడుగా అజ్రాయెల్ అను పిల్లి, ఇవియే అతని సంపద. హీనలోహమును బంగారముగా మార్చు స్పర్శవేదిని సిద్ధము చేయుటకు ఒక స్మర్ఫు కావలెనని మంత్రగ్రంథములో చదివి, వారిలో నొకనిని పట్టుకొనెను. తక్కినవారు వచ్చి విడిపించుకొని పోయిరి. అదిమొదలు అతనికి బంగారముమీది యాశకంటె పగ యెక్కువయ్యెను. ఫ్రాన్సు దేశమున పదునాఱవ శతాబ్దిలో రాబెలే అను రచయిత వ్రాసిన హాస్యగ్రంథములో గార్గంటువా అను మహాకాయుని తల్లి పేరు గార్గమెల్. ఒక తల్లి పేరే ఈ మాంత్రికునికి వచ్చుట విచిత్రము!

పలుమార్లు బలముచే ఓడిన గార్గమెల్ 1966లో వచ్చిన కథలో క్రొత్త యుపాయము పన్నెను. స్మర్ఫుల గ్రామములో అందఱును పురుషులే. ఐకమత్యముతో సుఖముగా నున్నారు. వీరి నడుమకు ఒక స్త్రీని పంపిన చాలును, గ్రామము తనంతట తానే చెడునని అతని తలంపు. మంత్రగ్రంథము తెఱచి, మనము పచ్చడికి దినుసులు కూర్చునట్లు, ఆడుదానికి దినుసులు కూర్చెను. మొసలి కన్నీరు కొంత, పిట్టబుద్ధి కొంత, పాము నాలుక పొడి, కోపము, అబద్ధము, అసూయ, గర్వము, మొండితనము. ఇవియన్నియు కలిపి మంత్రించగా స్మర్ఫెట్ అను కన్య పుట్టెను.

సోదరీమణులారా! ఈ దినుసులు చదివిన మీకు నవ్వు వచ్చినదా, కోపము వచ్చినదా? నాకు రెండును వచ్చినవి. పేయో కూడ చదువరులు కోపింతురని యెఱుగును. ఆ పుటలోనే, ఈ మాటలకు మంత్రగ్రంథకర్తయే బాధ్యుడు గాని మఱియొకరు కారని పరిహాసముగా నొక సూచన వేసి తప్పుకొనెను. దుష్టుడు వ్రాసిన దినుసుల పట్టికను దుష్టునిదిగా చూపుటలో తప్పులేదు. చూడవలసినది తరువాతి కథ.

స్మర్ఫెట్ నల్లని జుట్టుతో గ్రామమునకు వచ్చెను. ఎవరి పనియు చేసికొననీయక వెంటపడి మాటలాడుటచే అందఱును విసిగిరి. ఆమెను వదలించుకొనుటకై, ఆమె లావెక్కినదని నమ్మించు ఉపాయము పన్నిరి. ఆమె క్రుంగిపోయెను. అప్పుడు గ్రామపెద్ద జాలిపడి, ఆమెకు శస్త్రచికిత్స చేసి, పసిడిరంగు జుట్టు గల చక్కని చుక్కగా మార్చెను. అంతటితో నిన్నటివఱకు వెక్కిరించినవారే పూలగుత్తులతో గుమ్మమునకు వచ్చిరి. ఆమె గుణము మాఱలేదు, మాటతీరు మాఱలేదు. జుట్టు మాఱినది, వారి చూపు మాఱినది. తరువాత ఆమె మూలమున ఆనకట్ట తలుపు తెఱువబడి గ్రామము మునిగెను. విచారణ జరిగి, ఆమె నిర్దోషిగా విడువబడెను. అయినను తనకై అందఱును కలహించుచున్నారని యెఱిగి, ఒక యుత్తరము వ్రాసిపెట్టి తానే యూరు విడిచి పోయెను.

ఇది చదివినప్పుడు మన భారతములోని తిలోత్తమ జ్ఞప్తికి రాకమానదు. ఆదిపర్వమున సుందోపసుందులను రాక్షస సోదరులు ఒకరితో నొకరు తప్ప మఱియెవ్వరిచేతను చావులేని వరము గలవారు. బ్రహ్మ యాజ్ఞచే విశ్వకర్మ జగత్తులోని చక్కని వస్తువులనుండి నువ్వుగింజ ప్రమాణముగా సారము తీసి తిలోత్తమను నిర్మించెను. ఆమెకై సోదరులిద్దఱును పోరాడి చచ్చిరి. స్త్రీని నిర్మించి కలహము పుట్టించుట గార్గమెల్‌కు క్రొత్తగా తోచిన యుపాయము కాదన్నమాట. కాని ఒక భేదము గమనింపుడు. ఈ కథను నారదుడు చెప్పినది ద్రౌపదికి కాదు, పాండవులకు. ద్రౌపది విషయమున మీలో మీరు కలహింపక నియమము నేర్పరచుకొనుడని బుద్ధి చెప్పెను. వారట్లే నియమము చేసికొనిరి. కలహమునకు బాధ్యత కలహించువారిదే యని మన కథ చెప్పుచున్నది. స్మర్ఫుల కథలో పురుషులు నియమమేమియు చేసికొనలేదు, ఆడుది ఊరు విడిచినది.

నా మనసున నాటిన సంగతి యిదియే. గార్గమెల్ దినుసులను చూచి పిల్లలు నవ్వుదురు, నమ్మరు. వాడు దుష్టుడని వారికి తెలియును. కాని మంచివాడైన గ్రామపెద్ద చేసిన పనిని నమ్ముదురు. ఆడుదాని దుఃఖమునకు మందు అందమే యనియు, అందము లేనిదానిని లావెక్కితివని యేడిపించుట వినోదమే యనియు, గద్దించువారు లేక, పసిమనసులోనికి జొచ్చును. దుష్టుని విషముకంటె మంచివాని పొరపాటు కనిపెట్టుట కష్టము.

1981 మొదలు అమెరికాలో ఈ కథలు టెలివిజను బొమ్మలాటలై లోకమంతట వ్యాపించినవి. అందు స్మర్ఫెట్ గ్రామములోనే నిలిచి, చాలకాలము ఏకైక స్త్రీగా నుండెను. 1991లో కేథా పాలిట్ అను అమెరికా రచయిత్రి న్యూయార్కు టైమ్సు వారి పత్రికలో నొక వ్యాసము వ్రాసి, బాలురకు పలువిధములైన గుణములును, బాలికకు బాలిక యగుటయే గుణముగాను చూపు కథలకు ఈ స్మర్ఫెట్ పేరనే యొక న్యాయము నేర్పరచెను. ఒకడు బలవంతుడు, ఒకడు కవి, ఒకడు వంటవాడు, ఒకడు సోమరి. ఆమె మాత్రము ఆడుది. మా మనుమరాలి ప్రశ్నయు అదియే గదా!

కథలు వ్రాయువారును కొంత విన్నట్లున్నది. తరువాతి కథలలో గ్రామములోని పిల్లస్మర్ఫులు గార్గమెల్ సూత్రమునే తీసికొని సాసెట్ అను బాలికను చేసిరి. ఎఱ్ఱని జడలతో, పనివాని దుస్తులతో, పరుగులు దూకుళ్ళతో పుట్టిన ఆ పిల్లలో మొసలి కన్నీటి జాడయే లేదు! 2017లో వచ్చిన చలనచిత్రములో స్మర్ఫెట్ అడవిలో ఆడస్మర్ఫుల గ్రామము నొకదానిని కనుగొనును. ఒక్కతె పలువురైనది.

వంట చేయువారము మనము. ఎవరో వ్రాసియిచ్చిన దినుసులను రుచి చూడక వడ్డింపము. ఉప్పెక్కువైనచో తీసివేయుదుము, కారము చాలనిచో చేర్చుదుము. పిల్లలకు వడ్డించు కథల విషయమునను అట్లే చేయుదము. బొమ్మలాట మాన్పింప నక్కఱలేదు, నవ్వనిండు. ముగిసిన పిమ్మట ప్రక్కను కూర్చుండి, "ఆ పిల్లను అందఱును ఎప్పటినుండి ప్రేమించిరి? జుట్టు మాఱకమునుపు ఆమె యెవరు?" అని యడిగి చూడుడు.

నేను మా మనుమరాలి నట్లే యడిగితిని. అది కొంతసేపాలోచించి, "నల్లజుట్టుతో ఉన్నప్పుడే బాగుంది, నాలాగ ఉంది" అనెను. గార్గమెల్ పాకశాస్త్రమునకు ఇంతకంటె చక్కని ఖండన నేను వ్రాయలేను.