పాత ఇంటికి పొగ కావాలి

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, జపాన్ పల్లెలో పాత ఇల్లు కొని బాగుచేసుకునే విదేశీయుల వీడియోలే. మన గ్రూపుల్లో కూడా తిరుగుతా ఉండాయి. పుచ్చిన కొయ్య పీకడం, గోడకు మట్టి మెత్తడం, చివర్లో దీపాలు పెట్టి చూపించడం. చూడ్డానికి బాగుంటాయి, నేనూ చూస్తాను. కానీ వాటిల్లో ఇల్లే కనపడతాది, ఇంటి వెనకాల చేను కనపడదు. రైతులుగా మనం అడగాల్సింది ఆ చేను సంగతి.

2023 లెక్కల ప్రకారం జపాన్‌లో సుమారు 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. మొత్తం ఇళ్ళలో 13.8 శాతం. 'అకియా' అంటారు వీటిని. పిల్లలు పట్నాలకు పోయారు, పెద్దవాళ్ళు కాలం చేశారు, తాళం పడింది. అక్కడి స్థానిక సంస్థలే ఖాళీ ఇళ్ళ జాబితా పెట్టి, కొనేవాళ్ళను రమ్మని పిలుస్తున్నాయి. విదేశీయుడైనా ఇల్లు కొనుక్కోవచ్చు, అడ్డేమీ లేదు. దాంతో వీసా మాత్రం రాదు. అయితే ఇంటి పక్కనుండే మడి కూడా కావాలంటే స్థానిక వ్యవసాయ కమిటీ అనుమతి ఇవ్వాల్సిందే. ఈ మనిషి సేద్యం చేస్తాడా లేదా అని చూస్తారు. ఈ రూలు నాకు భలే నచ్చింది.

అలెక్స్ కెర్ అనే అమెరికన్ 1973లోనే ఈ పని చేశాడు. షికోకు దీవిలో ఇయా లోయ అని లోతైన కొండ ప్రాంతం. అక్కడ సుమారు 300 ఏళ్ళనాటి గడ్డికప్పు ఇల్లు తీసుకొని, చియోరి అని పేరు పెట్టి, ఏళ్ళ తరబడి బాగుచేస్తా వచ్చాడు. ఇప్పుడందులో అతిథులు బస చేస్తారు. షికోకు మనకు కొత్తేమీ కాదు, ఫుకువోకా గారి తోట ఉండేది ఆ దీవిలోనే, ఎహిమే వైపు.

కెర్ కథకంటే ఆ కొండల్లో సేద్యం కథ నాకు ముఖ్యం. ఆ ప్రాంతపు వాలు సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2018లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మెట్లు కట్టకుండా, వాలు మీదనే పంట పెడతారు. కొండ గడ్డి కోసి, కుప్పలేసి ఆరబెట్టి, చేనులో పరుస్తారు. మట్టి జారకుండా ఆపేది అదే, తర్వాత ఎరువయ్యేదీ అదే. మనం ఆచ్ఛాదన అంటామే, అదే పద్ధతి. ఇంటికప్పుకు వేసేదీ ఆ జాతి గడ్డే. ఇంటి మధ్యలో పొయ్యి ఉంటుంది, దాని పొగ కప్పులోంచి పోతా పోతా గడ్డిని ఆరబెడతాది, పురుగు చేరనీయదు. కప్పు మార్చినప్పుడు దిగిన పాత గడ్డి చేనుకు ఎరువుగా పోయేది. ఇంట్లో పొయ్యి ఆరిపోతే కప్పు పుచ్చిపోతాది. గడ్డి కోసేవాళ్ళు లేకపోతే ఇల్లూ చేనూ రెండూ దెబ్బతింటాయి.

మన బోదకొట్టాలూ అంతే గదా! మట్టి మిద్దెలు చూడండి. మన సీమలో వానలకు ముందు మిద్దె మీదికి చౌడు తోలేవాళ్ళు. చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే బంకమన్ను విడిపోయి సందులన్నీ మూసుకుంటాయి, నీళ్ళు దిగవు. ఏ గుణం వల్ల అందులో పైరు రాదో, ఆ గుణం వల్లే మిద్దె కారదు. డిప్లొమాలో చౌడు భూమికి జిప్సం వేయమని చదువుకున్నాం గానీ, ఈ ఉపయోగం మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇప్పుడు మన పల్లెల్లో ఆ మిద్దెలకు తాళాలు. అన్నదమ్ముల్లో ఒకరు తిరుపతిలో, ఇంకొకరు బెంగళూరులో. భాగాలు తెగవు, ఎవరూ రిపేరు చేయరు. జపాన్‌లోనూ ఇదే తలనొప్పి. అందుకే వారసులు మూడేళ్ళలోపు ఆస్తిని తమ పేరున రిజిస్టరు చేసుకోవాలని 2024 ఏప్రిల్ నుంచి చట్టం పెట్టారు. మన గ్రామకంఠం ఇళ్ళకు చాలావాటికి సరైన కాగితమే లేదు. 2020లో వచ్చిన స్వామిత్వ పథకం దీనికోసమే, కార్డు మీ ఇంటికి వచ్చిందో లేదో కనుక్కోండి. ఈలోపల వ్యాపారి వచ్చి ద్వారబంధం, స్తంభాలు లారీకెత్తుకొని పోతాడు. అవి ఏదో రిసార్టులో తేలతాయి. వాటి మధ్య ఫోటో దిగడానికి మళ్ళా మనమే టికెట్టు కొంటాం!

పాతవన్నీ కాపాడాల్సిందే అని నేను అనను. వెలుతురు లేని వంటింట్లో పొగ మింగిన అవ్వలను అడగండి, ఏం చెప్తారో. కాపురానికి కొత్త ఇల్లు కట్టుకోండి, తప్పేముంది. పాతదాన్ని సేద్యానికి వదలండి. మట్టిగోడల గది ఎండాకాలం రేకుల షెడ్డుకంటే చాలా చల్లగా ఉంటాది. విత్తనాలకు, దేశీ బియ్యానికి, బెల్లానికి గోదాము కోసం మళ్ళా అప్పు చేసి షెడ్డు ఎందుకు? పెరట్లో పొయ్యి పెడితే అగ్నాస్త్రం అక్కడే కాచుకోవచ్చు. రోజూ మనిషి వచ్చిపోతా ఉంటే చెదలు కనపడతాది, కారే చోటు తెలుస్తాది. తాళం వేసిన ఇంట్లో ఇవి చూసేదెవరు?

ఒక్క జాగ్రత్త. మట్టిగోడకు సిమెంటు పూయొద్దు. లోపలి తేమ బయటికి రాలేక గోడ లోలోపల మెత్తబడి పెళ్ళలుగా రాలతాది. మట్టిలో గడ్డి, పేడ కలిపి మెత్తండి, లేదా గానుగ సున్నం వాడండి. సున్నం సంగతి అనుమానంగా ఉంటే మన చంద్రగిరి కోటలో రాజమహల్ చూసి రండి. మూడంతస్తులు, కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టింది.

మన దగ్గర పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలదే. చౌడు తోలేదైనా, బోద మార్చేదైనా అక్టోబరు లోపల అయిపోవాలి. మీ ఊర్లో బోద కప్పడం తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే వీడియో కింద ఊరి పేరు రాయండి. ఆయన పని చేసే రోజు మేము కెమెరాతో వస్తాం, కూలి కూడా ఇస్తాం.