ఇల్లు తేలుతుంది సరే... సముద్రం మీద నిలుస్తుందా?

మా బావకి ఒక ఐడియా వచ్చిందంటే చల్లారడానికి కనీసం ఒక రొయ్యల పంట కాలం పడుతుంది. ఈసారి వచ్చినదాని పేరు హౌస్‌బోట్. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వీడియో పంపాడు. కింద రెండు పొడవాటి డొప్పలు, వాటి మీద పరిచిన డెక్కు, ఆ డెక్కు మీద రెండు బెడ్‌రూములు, కిచెన్, పైన సోలార్ ప్యానెళ్లు. కింద ఒక మెసేజ్: "రేయ్, నీది ఎట్టాగూ వర్క్ ఫ్రమ్ హోమే కదా. ఇల్లే కదిలితే ఎట్టుంటదో ఆలోచించు. కొత్తపట్నంలో ఎక్కి కాకినాడ, ఆడ్నుంచి వైజాగ్. అడ్వాన్స్ రెండు లక్షలు ఇస్తే చాలంట."

ఆ రెండు లక్షలు పోయిన పంటలో మిగిలిన డబ్బు. అక్కకి ఇంకా చెప్పలేదు. అందుకే నవ్వి వదిలేయలేకపోయాను.

నేను రాసేది సాఫ్ట్‌వేరే అయినా చదివింది మెకానికల్. నాలుగేళ్ల బీటెక్‌లో గుర్తున్న కొద్ది సబ్జెక్టుల్లో ఫ్లూయిడ్ మెకానిక్స్ ఒకటి. ఆదివారం పొద్దున ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చున్నా. పక్కన పేపర్ చదువుతున్న నాన్న తల ఎత్తకుండానే ఒక్క ప్రశ్న అడిగాడు.

"జనమంతా ఒకే పక్కకి వస్తే ఏమయిద్దిరా?"

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో మా ఊళ్లో ఎవరికైనా తెలుసు. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లు, రోజూ పొద్దున్నే కలిసి వాకింగ్ చేసేవాళ్లు, కార్తీక మాసం అని సరదాగా వెళ్లినవాళ్లు. నాన్నకి తెలిసిన ముఖాలు అందులో ఉన్నాయి. ఆ తర్వాత నాన్న పడవ ఎక్కలేదు. మర్నాటి నుంచి వాకింగ్ రూటు కూడా మార్చాడు.

అందుకే ముందు నాన్న ప్రశ్నకే లెక్క వేశాను.

బావ చూపించిన పడవ పొడవు 12 మీటర్లు. రెండు డొప్పలు, వీటినే హల్స్ అంటారు. ఒక్కోటి మీటరు వెడల్పు, రెంటి మధ్య దూరం నాలుగు మీటర్లు. బరువు ఎనిమిది టన్నులు అనుకుందాం. ఇరవై మంది ఒకేసారి రెండు మీటర్లు పక్కకి జరిగితే నా లెక్కలో పడవ ఒరిగేది రెండు మూడు డిగ్రీలే. అదే బరువుతో, మూడు మీటర్ల వెడల్పున్న మామూలు లాంచీలో అంతమంది మీటరు జరిగినా దాదాపు ఏడెనిమిది డిగ్రీలు ఒరుగుతుంది. జనం పైడెక్కు ఎక్కితే ఇంకా ఎక్కువ.

కారణం సింపుల్. కాళ్లు దగ్గర పెట్టి నిలబడ్డవాణ్ని తోయడం తేలిక, ఎడంగా పెట్టి నిలబడ్డవాణ్ని తోయడం కష్టం. రెండు హల్స్ అంటే ఎడంగా పెట్టిన కాళ్లు. ఇక్కడికి బావ గెలిచాడు.

"అయితే మంచిదేగా?" అన్నాడు నాన్న. కాలువలో అయితే మంచిదే. సముద్రంలో లెక్క వేరే.

మామూలు పడవకి అడుగున బరువైన కీల్ ఉంటే, బాగా ఒరిగినా ఆ బరువు దాన్ని మళ్లీ నిలబెడుతుంది. రెండు హల్స్ పడవ మొదట్లో చాలా గట్టిగా నిలబడుతుంది కానీ, ఒక హల్ నీళ్లలోంచి పూర్తిగా లేచాక ఆ బలం తగ్గుతూ పోతుంది. తిరగబడిందంటే తలకిందులుగా కూడా అంతే స్థిరంగా ఉంటుంది. దానంతట అది లేవదు.

అలాగని రెండు హల్స్ సముద్రానికి పనికిరావు అంటే తప్పే. 1955-56లో జేమ్స్ వారమ్ అనే ఇంగ్లండ్ కుర్రాడు 24 అడుగులైనా లేని కాటమరాన్‌లో అట్లాంటిక్ దాటాడు. 1976లో హోకులేఅ అనే జంట పడవ హవాయి నుంచి తాహితికి, నక్షత్రాలూ అలలూ చూసుకుంటూ వెళ్లింది. అసలు కాటమరాన్ అనే మాటే తమిళ కట్టుమరం నుంచి పోయింది. మన తీరంలో తెప్ప దానికి చుట్టమే. కాకపోతే తెప్ప అంటే పక్కపక్కన కట్టిన దుంగలు, దానికి రెండు హల్స్ ఉండవు.

కాబట్టి చిక్కు హల్స్ సంఖ్యలో లేదు, వాటి మీద పెట్టిన ఇంట్లో ఉంది. వారమ్ పడవలో ఏసీ లేదు కదా!

మొదటిది బరువు. సన్నటి హల్స్ బరువుని తట్టుకోలేవు. ఈ పడవకి నీళ్ల మట్టం దగ్గర వైశాల్యం సుమారు 18 చదరపు మీటర్లు. అంటే ప్రతి 180 కేజీలకి ఒక సెంటీమీటరు మునుగుతుంది. తాగునీళ్లు, డీజిల్, బ్యాటరీలు, ఫ్రిజ్, మంచాలు, బావ ఎక్కిస్తానన్న స్కూటీ కలిపి రెండు టన్నులు అనుకోండి, పదకొండు సెంటీమీటర్లు దిగుతుంది.

రెండోది డెక్కు అడుగున ఖాళీ. రెండు హల్స్ మధ్య నీటికీ డెక్కుకీ ఎంత ఎడం ఉందో చూడాలి. ఈ సైజు సముద్రపు పడవకి 60 సెంటీమీటర్లైనా ఉండాలంటారు అనుభవం ఉన్నవాళ్లు. వీడియోలో ఉన్నదానికి 40 కూడా కనిపించలేదు. సామాను ఎక్కాక మిగిలేది 29. చిన్న అల వచ్చినా కింద నుంచి డెక్కుని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. గంటల తరబడి కొడితే మనిషికి నిద్ర ఉండదు, జాయింట్లకి ఆయుష్షు ఉండదు.

మూడోది గాలి. ఇంటి గోడ అంటే గాలికి తెరచాపే. 12 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల ఎత్తున్న గోడ మీద గంటకి 60 కిలోమీటర్ల గాలి నేరుగా తగిలితే తోపు సుమారు 700 కేజీలు. దానికి ఎదురు నిలబడటానికి ఇంజిన్లు, లంగరు సరిపోవాలి.

నాలుగోది టైమ్. నిజాంపట్నం నుంచి కాకినాడకి డెల్టా చుట్టి వెళ్తే 200 కిలోమీటర్లు దాటుతుంది. గంటకి 11 కిలోమీటర్ల వేగమైతే ఆగకుండా 18 గంటలు. అంటే ఒక రాత్రి సముద్రం మీదే. మన బంగాళాఖాతం సంగతి చెప్పాలా? 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది మన పక్కనున్న బాపట్ల దగ్గరే.

ఈ నాలుగూ కలిపి చెప్పే ముద్ర ఒకటి ఉంది. ఐఎస్ఓ 12217 అనే ప్రమాణం ప్రకారం యూరప్‌లో చిన్న పడవల్ని ఏ, బీ, సీ, డీ అని విడగొడతారు. డీ అంటే 30 సెంటీమీటర్ల అలలుండే ప్రశాంతమైన నీళ్లు. సీ అంటే రెండు మీటర్ల అలల దాకా. బీ అంటే నాలుగు మీటర్ల దాకా. ఏ అంటే మహాసముద్రం. దూర ప్రయాణానికి కనీసం బీ అయినా కావాలి. ఇల్లులా కనిపించే పడవలు ఎక్కువగా సీ, డీల్లోనే ఉంటాయి.

మరి బావ కల చెత్తబుట్టలోకేనా? కాదు. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే దారిలో మనం రోజూ దాటే బకింగ్‌హామ్ కాలువ ఉంది చూశారూ, అది ఉత్తరాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. ఆ కాలువ కృష్ణ దాకా, కృష్ణ నుంచి ఏలూరు కాలువ గోదావరి దాకా, అక్కడి నుంచి కాకినాడ కాలువ. ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగిన దారి ఇది. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. అప్పుడు మొత్తం పొడవు 1,078 కిలోమీటర్లు. లోతు తక్కువ, అలలు లేవు, రెండు హల్స్ పడవకి సరిగ్గా సరిపోయే నీళ్లు. కాకపోతే ఇవాళ పూడిక, గుర్రపుడెక్క, తక్కువ ఎత్తు వంతెనలు, పాత లాకులు. ఐదు మీటర్ల వెడల్పు పడవ కొనేముందు టేపు పట్టుకుని లాకు కొలవాలి.

ఇదంతా బావకి చెప్పి, అమ్మేవాణ్ని మూడే అడగమన్నాను. ఏ కేటగిరీ? ఫుల్ లోడ్‌తో డెక్కు కింద ఖాళీ ఎంత? స్టెబిలిటీ లెక్కల కాగితం ఉందా? మన దగ్గర 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజిన్ పడవకి సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ కాగితాలు లేకుండా పైసా ఇవ్వొద్దన్నాను.

రెండ్రోజుల తర్వాత సమాధానం వచ్చింది. మూడు ప్రశ్నలకీ జవాబు లేదు. బెడ్‌రూమ్ ఫొటోలు మాత్రం ఆరు కొత్తవి పంపారు.

నాన్న ఫోన్ తీసుకుని అన్నీ చూశాడు. "లెక్క చూపించండి అంటే ఏసీ చూపిస్తన్నాడేంది అల్లుడుగారూ?" అన్నాడు.

బావ ఏం మాట్లాడలేదు. ఆ రాత్రి డబ్బు సంగతి అక్కకి చెప్పాడని తెలిసింది, గొడవ కూడా వినపడింది లెండి. పొద్దున మళ్లీ మెసేజ్: "దిండిలో గోదావరి మీద హౌస్‌బోట్లు అద్దెకిస్తారంట. ఒక రాత్రి ఉండి చూద్దామా?"

నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఆగి, "లైఫ్ జాకెట్లు ఎన్ని ఉంటాయో కనుక్కో. మనం ఆరుగురం" అన్నాడు.

ఐదుగురం అనుకున్నా నేను. నాన్న తనని కూడా కలుపుకుని లెక్కేశాడు.