జడుపుకి తాయెత్తు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరైనా బండి మీంచి పడితే, కట్టు విప్పకముందే ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. బండి చేత నిమ్మకాయలు తొక్కిస్తారు. అయినా ఆ మనిషి తాళం ముట్టుకోకపోతే ‘జడుపు కొట్టింది’ అని తాయెత్తు కట్టిస్తారు. పడిన మలుపులో చచ్చిపోయినవాళ్ల గాలి సోకిందని భూతవైద్యుడు చెబితే నమ్ముతారు. ఆఖరికి కలిసిరాని బండి అని అయినకాడికి అమ్మేస్తారు.

జడుపు నిజమే. దానికి దెయ్యం అక్కర్లేదు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీకి రాత్రి షిఫ్టుకెళ్లే కుర్రాణ్ణి లారీ రాసుకుంటూ పోయిందనుకోండి. ఆ హారన్, కళ్లలో కొట్టిన లైటు, కాలిన టైరు వాసన, అన్నీ ప్రాణభయంతో ముడిపడిపోతాయి. తర్వాత అరుగు మీద కూర్చున్నా సరే, హైవే మీద లారీ హారన్ వినబడగానే లేని బ్రేకు కోసం కుడిచేతి వేళ్లు బిగుసుకుంటాయి. చొక్కా తడిసిపోతుంది.

మరి తాయెత్తుతో తగ్గినవాళ్లు లేరా అంటారు. ప్రమాదం తర్వాతి భయం చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అప్పుడు మెడలో తాయెత్తుంటే పేరు దానికొస్తుంది. తగ్గకపోతే గ్రహబలం అంటారు. వైద్యం తన పద్ధతిని ఇలా వెనకేసుకురాలేదు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుడి చేత జరిగిందంతా చెప్పిస్తే మనసు తేలికపడుతుందని ఒకప్పుడు నిపుణులు నమ్మారు. ఆక్స్‌ఫర్డ్‌లో మానసిక వైద్యుడు మేయూ బృందం రోడ్డు ప్రమాద బాధితులను మూడేళ్లు గమనించి 2000లో ఫలితాలు ప్రకటించింది. మొదట్లో బాగా బెదిరిన వాళ్లలో, అలా చెప్పించనివాళ్లు కోలుకున్నారు, చెప్పించినవాళ్లు కోలుకోలేదు. మంచి ఉద్దేశంతో మొదలుపెట్టిన పద్ధతే, పరీక్షలో నిలవలేదు. ఏ తాయెత్తునైనా ఇలా మూడేళ్లు పరీక్షకు నిలబెట్టారా?

గాలి అనుకోవడంలో ఇంకో అన్యాయముంది. 2012 నవంబర్ 2న కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు రణస్థలం దగ్గర కారు ట్యాంకరును ఢీకొని చనిపోయారు. అలాంటి చోట అడగాల్సింది బండ్లు ఎక్కడ మలుపు తిరుగుతున్నాయి, లైట్లున్నాయా అని. కూలివాడు పోయిన మలుపులోనూ అదే అడగాలి. దెయ్యం పేరు చెబితే ఆ మలుపు అలాగే ఉండిపోతుంది.

‘వద్దురా నాయనా, ఏలినాటి శని నడస్తంది, బండి జోలికెళ్లకు’ అంటుంది తల్లి. కడుపుతీపి మాటే. కానీ తప్పించుకున్న ప్రతిసారీ కలిగే హాయితోనే భయం ముదురుతుంది. పైగా ఏలినాటి శని ఏడున్నరేళ్లు. అన్నాళ్లు బండి తీయకపోతే ఉద్యోగం ఎవరిస్తారు?

భయపడే దానికి కొద్దికొద్దిగా దగ్గర కావాలని మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లోనే పుస్తకం రాశాడు. గాయం మానాక ముందు ఆగి ఉన్న బండి మీద ఊరికే కూర్చోవాలి. మర్నాడు స్టార్ట్ చేసి ఆ చప్పుడు వినాలి. తర్వాత ఊరి వీధులు. అవి అలవాటయ్యాక పగటిపూట, వెనక నమ్మకమైన మనిషితో సర్వీసు రోడ్డు. దడ మొదలైతే పక్కకి ఆపి, అది తగ్గేదాకా అక్కడే ఉండాలి. ఇంటికి తిరిగొచ్చేస్తే భయానిదే పైచేయి. వెనక కూర్చునే ఆ మనిషి తల్లే కావచ్చు.

నెల దాటినా నిద్రలో ఉలిక్కిపడుతుంటే, ఆ ప్రమాదమే కళ్లముందు తిరుగుతుంటే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ‘పిచ్చి’ అంటారని జంకి భూతవైద్యుడి గడప తొక్కేవాళ్లు ముందు 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.