మూగిన ఈగలన్నీ గూడు వీడేవి కావు

సంపాదకులకు,

ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల తేనెటీగల పెంపకంపై గత సంచికలో వచ్చిన వ్యాసం, మధ్యాహ్నం పెట్టె ముందు ఈగలు మూగితే గుంపు విడిపోతున్నట్లేనని చెప్పడం సరికాదు. కొత్తగా బయటికి వచ్చే లేత కూలీ ఈగలు పెట్టె ద్వారంవైపే ముఖం పెట్టి, అటూ ఇటూ ఊగుతూ, క్రమంగా పెద్దవయ్యే వలయాల్లో ఎగిరి, గూటి ఆనవాళ్లు గుర్తుపెట్టుకొని కొద్ది నిమిషాల్లోనే లోపలికి మళ్లుతాయి. ఇది పరిచయ విహారం. గుంపు విడిపోవడమంటే పాత రాణి ఈగ పెద్దసంఖ్యలో కూలీ ఈగలతో గూడు వదలడం. అప్పుడవి ద్వారం నుంచి వరదలా వెలువడి, గాలిలో సుడులు తిరిగి, దగ్గరలోని ఏదో కొమ్మకు గుత్తిగా వేలాడతాయి. పట్టు అంచుల్లో కిందికి సాగిన రాణిగదులు దానికి ముందస్తు సూచనలు. అడవిలోని పెద్ద కొండ తేనెటీగలు రుతువును బట్టి పట్టునే ఖాళీచేసి వలసపోవడం ఈ రెండింటికీ భిన్నం. కనుక పెంపకందారులు రాణిగదులు ఉన్నాయో లేదో పరిశీలించిన తరువాతే గుంపును విభజించడం మేలు.

— ఒక పాఠకుడు, ఆదిలాబాద్