ఆ సమ్మతి ఎవరిది?

ఆసుపత్రి రికార్డులు కంప్యూటర్లకెక్కడాన్ని నేను వ్యతిరేకించను. చీటీ పోయిందని అవే పరీక్షలు మళ్లీ చేయించుకునే బాధ తప్పుతుంది. కానీ రోగి సమ్మతి తరచు ఫోను ద్వారా తీసుకుంటున్నారు. ఆ ఫోను భర్త చేతిలో ఉంటే సమ్మతి ఎవరిది?

గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు డాక్టరు బయటపెడితే ఏడాది దాకా జైలు పడవచ్చని 2021లో సవరించిన చట్టం చెబుతోంది. ఇంట్లోనే ఫోను తెరిచి చూస్తే ఆ గుట్టు నిలుస్తుందా?

ఆరోగ్య సమాచార మార్పిడి కోసం 2018లో కేంద్రం తెచ్చిన ముసాయిదా చట్టం కాలేదు. చట్టం లేకుండానే 2021లో దేశమంతటా డిజిటల్ ఆరోగ్య పథకం మొదలైంది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరోగ్య వివరాలకు ప్రత్యేక రక్షణ ఇవ్వలేదు.

మనకు ప్రత్యేక చట్టం కావాలి. ఏ వివరం ఎవరు చూడాలో స్త్రీయే నిర్ణయించాలి. ఫోను లేని స్త్రీ నోటిమాటకూ విలువుండాలి. ఆమె కాదంటే వైద్యం ఆగకూడదు.