విమానపు మూటాముల్లె

ఏ విమానాశ్రయమునందైనను తనిఖీ బల్ల ప్రక్కన నొక తొట్టి యుండును. ఆవకాయ సీసాలు, నేతి డబ్బాలు, కత్తెరలు, అత్తరు బుడ్లు అందులో జేరుచుండును. తల్లి పరదేశమందలి కుమారునికై కట్టి పంపిన మూట అచ్చట విప్పబడి, సగము మాత్రమే ముందునకు సాగును. పోయిన వస్తువుల విలువ స్వల్పమే కావచ్చును. పదిమంది యెదుట దోషివలె నిలువవలసివచ్చిన చిన్నతనము స్వల్పము కాదు. ప్రయాణికుడు అధికారి కాఠిన్యమును నిందించును. అధికారి ప్రయాణికుని అజ్ఞానమును నిందించును. లోపము వేరొకచోట గలదని మా యభిప్రాయము. నిషేధము చాటబడుచున్నది, నిషేధమునకు హేతువు చెప్పబడుటలేదు.

నిషిద్ధ వస్తువుల పట్టిక చూచువారికి అరణ్యమువలె దోచును. కాని యించుక పరిశీలించినచో నది మూడు ప్రశ్నలలో నిముడును. చేతిసంచిలోని వస్తువుతో నొక దుష్టుడు తోటివారికి హాని చేయగలడా? విమానపు అడుగుభాగమున, ఎవరి కన్నును పడని సామాను గదిలో నా వస్తువు తనంత తానంటుకొనవచ్చునా? దిగబోవు దేశపు శాసనము దానిని సమ్మతించునా? ఈ మూడింటిని గ్రహించినవాడు పట్టికను కంఠస్థము చేయనక్కరలేదు.

మొదటి ప్రశ్నకు చరిత్రయే వ్యాఖ్యానము. 2001 సెప్టెంబరు 11వ తేదీకి పూర్వము అమెరికాలో నాలుగంగుళములకు లోబడిన చాకును విమానములోనికి గొనిపోనిచ్చెడివారు. ఆనాటి ఘోరముతో నా యనుమతి యంతరించెను. 2006 ఆగస్టులో, లండనునుండి అట్లాంటికు సముద్రమును దాటిపోవు విమానములను పానీయపు సీసాలలో దాచిన ద్రవ విస్ఫోటకములతో పేల్చివేయు కుట్ర బయల్పడెను. నాటినుండి విదేశయానమున చేతిసంచిలోని ద్రవము 100 మిల్లీలీటర్లకు మించిన పాత్రలో నుండరాదను నియమము ప్రపంచమున వ్యాపించినది. పాత యంత్రములు మంచినీటిని, మారణద్రవమును నమ్మకముగ వేరుపరుపజాలకుండుటయే దీనికి మూలము. నూతన యంత్రములు నెలకొల్పిన ఎడింబరో, బర్మింగుహాము వంటి విమానాశ్రయములలో 2025లో నీ పరిమితి సడలింపబడినది. కావున అధికారులకు మన ఆవకాయపై ద్వేషమేమియు లేదు. నూనెతో గూడిన పచ్చడి వారి లెక్కలో ద్రవమే. దానిని గట్టిగ మూసి అప్పగించు పెట్టెలో నుంచుట యుక్తము.

రెండవ ప్రశ్న ప్రాణములకు సంబంధించినది. పవర్ బ్యాంకు ప్రమాదకరమని విని, దానిని దూరముగ నుంచుదమను తలంపుతో మనవారనేకులు పెద్దపెట్టెలో వేయుదురు. నియమము దీనికి సరిగ వ్యతిరేకము. అది చేతిసంచిలోనే యుండవలెను. లిథియము బ్యాటరీ లోపల చెడినయెడల వేడి వేడిని బుట్టించుచు, ఒక అరనుండి వేరొక అరకు ప్రాకును. సామాను గదిలోని అగ్నినివారక వాయువు ఈ మంటను పూర్తిగ నణచజాలదు. మనుష్యులున్న గదిలోనైతే పొగ వెంటనే కనబడును. సిబ్బంది మంటనార్పి, నీరుపోసి చల్లార్పగలరు. 2025 జనవరి 28వ తేదీన దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయమున, బయలుదేరుటకు సిద్ధముగనున్న ఎయిర్ బుసాన్ విమానమునందు తలపై నుండు అరలో మంట పుట్టెను. అందున్న 176 మందియు బయటపడిరి గాని విమానము దగ్ధమయ్యెను. పవర్ బ్యాంకులోని దోషమే కారణమై యుండవచ్చునని విచారణాధికారులు తెలిపిరి. ఆ మార్చినుండి కొరియా ప్రభుత్వము వానిని పై అరలలో నుంచరాదని శాసించినది. కంటి యెదుట నుండవలెనన్నదే భావము.

పరిమాణపు లెక్కయు కష్టము కాదు. 20,000 మిల్లీ ఆంపియరు గంటలని వ్రాసియున్నచో, దానిని 3.7 వోల్టులతో గుణించి వేయిచే భాగింపగా 74 వాటు గంటలగును. 100 వరకు సాధారణముగ ననుమతింతురు; 100 మొదలు 160 వరకు విమాన సంస్థ సమ్మతి కావలెను; అంతకు మించినచో ప్రయాణికుడు కొనిపోరాదు.

ఎండుకొబ్బరి సంగతియు నిట్టిదే. ఇంటింట వాడు వస్తువు ప్రమాదకరమెట్లగునని ప్రశ్నించువారు గలరు. నూనె నిండిన ఎండుకొబ్బరి తనంత తాను వేడెక్కు స్వభావము గలదగుటచే అంతర్జాతీయ ప్రమాదపదార్థముల పట్టికకెక్కినది. అయినను నియమము శిలాశాసనము కాదు. శబరిమల యాత్రికుల ఇరుముడిలోని టెంకాయను, పరీక్షించిన పిమ్మట, చేతిసామానుగ దీసికొనిపోవుటకు పౌరవిమానయాన భద్రతాశాఖ 2024 అక్టోబరులో ననుమతించి, 2025 జనవరి 20 వరకు గడువిచ్చినది. తెలుగునాటి అయ్యప్ప భక్తులకు నిది యుపకరించినది. హేతువు తెలిసినచోట మినహాయింపునకును దారి దొరకును.

మూడవ ప్రశ్న మన గల్ఫు కార్మికులకు అత్యంత ముఖ్యమైనది. నిజామాబాదు, కరీంనగరము, జగిత్యాల ప్రాంతములనుండి వేలకొలది జనులు జీవనార్థమై యెడారి దేశములకు బోవుచున్నారు. మన వంటింటి గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులోను, సౌదీ అరేబియాలోను నిషిద్ధములు. అచ్చటి శాసనము వానిని మత్తుపదార్థములతో జతకట్టినది. మన వైద్యులు వ్రాయు కొన్ని నొప్పిమాత్రలకును, దగ్గుమందులకును ఎమిరేట్సులో ముందుగ అనుమతి కావలెను. మసాలా పొట్లము మూలమున కారాగారము పాలగుట యెంతటి దురవస్థ! అమెరికాకు బోవువారు మాంసపు పచ్చడిని గొనిపోయినచో అచ్చట దానిని తీసివేయుదురు. తెలుపక దాచినచో జరిమానా విధింతురు. పరిచయము లేనివారిచ్చిన పొట్లమును, అది దేవుని ప్రసాదమని చెప్పినను, లోపల చూడక పుచ్చుకొనరాదు.

ఇదియంతయు టిక్కెట్టుతోబాటే ముద్రింపబడుచున్నదికదా యని కొందరందురు. నిజమే, తరచుగ ఆంగ్లమున, చీమతలకాయలంత అక్షరములలో! అప్పుచేసి టిక్కెట్టు కొనిన రైతుకూలి దానిని చదివి, అర్థము చేసికొని, పెట్టె సర్దుకొనవలెననుట న్యాయమా? నోటీసు ఇచ్చితిమని చేతులు దులుపుకొనుట బోధించుట కాదు.

కావున విమాన సంస్థలను, ప్రభుత్వమును మేము కోరునది రెండు సంగతులు. టిక్కెట్టు అమ్మునాడే, అమ్మినవానిచేతనే, తెలుగున నొక పుట అందింపజేయుడు. ప్రతి నిషేధము ప్రక్కనను దాని కారణమును ఒక్క వాక్యమున వ్రాయుడు. చదువనేరనివారికి గల్ఫునకు బంపు ఏజెంట్లు నోటితో వినిపింపవలెనని నిబంధించుడు. చదువుకొన్న పాఠకులకును కర్తవ్యము గలదు. తమ యూరినుండి ఎవరైనను విమానమెక్కబోవునపుడు, మూట కట్టకముందే వారియింటికి బోయి యీ మూడు ప్రశ్నలను వివరింపుడు. కారణమెరిగిన మనుష్యుడు నియమమును భయముచే గాక బుద్ధిచే పాటించును. ఆకాశమున నూటయేబదిమంది ప్రాణములు ఒక పెట్టెలోని వస్తువుపై నాధారపడియున్నపుడు, అట్టి విధేయతయే నమ్మదగినది.