వెనక సీట్లోనూ ఒక తల ఉంది

పోయిన నెల మా ఆయన బండికి కొత్త విండ్‌షీల్డ్ పెట్టించాడు. మేమందరం అద్దం అనే అంటాం గానీ, అది ప్లాస్టిక్కే. బండితో వచ్చిన చిన్నది తీసేసి, జానెడు ఎత్తు ఎక్కువున్నది, నల్లటి పొగరంగుది బిగించాడు. నాలుగున్నర వేలు. "ఇగ శ్రీశైలం దాకా గాలి అన్నదే తెల్వదు" అన్నాడు. ఆయనకు తెలియలేదు, నిజమే. కుల్చారం నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ పోయి వచ్చేసరికి నాకు మాత్రం మెడ పట్టేసింది, రాత్రి పడుకునే దాకా చెవుల్లో హోరు. పాత అద్దంతో ఇట్లా ఎప్పుడూ కాలేదు.

చెప్తే ఏమన్నాడో తెలుసా? "వెనక కూసునేదానివి, నీకేం గాలి? ముందల నేను అడ్డమున్న గద!" మా అత్తమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "హెల్మెట్ మీద చున్నీ కట్టుకో బిడ్డా" అంది. నా పోట్లాట అంతా ఈ రెండు మాటలతోనే.

అద్దం గాలిని మింగేయదు, పైకి తోస్తుంది. అంచు దాటిన గాలి సుడులు తిరుగుతూ ఎక్కడో ఒకచోట దిగాలి కదా. ఏడుపాయల దగ్గర మంజీరను చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, బండను దాటిన నీళ్లు ఎట్లా గిరగిరా తిరుగుతాయో. పైగా దూరం పోయే బండ్లకు వెనక సీటు ముందుసీటు కంటే ఎత్తుగా ఉంటుంది. తోలే మనిషి తల మీది నుంచి పోయిన ఆ సుడి తిన్నగా మన హెల్మెట్‌నే కొడుతుంది. అంటే ఆయన కొన్నది గాలి తగ్గించే అద్దం కాదు, ఆయన గాలిని నాకు పంపే అద్దం.

అసలు అద్దమే వద్దని నేననను. గంటల తరబడి ఛాతీ మీద గాలి కొడుతుంటే తోలేవాడు అలసిపోతాడు, అలసిన మనిషి వెనక కూర్చోవడం నాకేం సరదా కాదు. కానీ "ఎత్తుగా ఉంటేనే టూరింగ్" అనే మాట ఎవరు పుట్టించారో! తోలేవాడు అద్దం పైనుంచి రోడ్డు చూడాలి, అద్దంలోంచి కాదు. అంచు ముక్కు కంటే కిందే ఉండాలి. మాది సరిగ్గా కళ్లకు అడ్డం వచ్చింది. వాన పడితే బస్సుకు వైపర్ ఉంటుంది, దీనికేముంది? చీకటి పడ్డాక పొగరంగులోంచి రోడ్డు మీది గేదె ఏం కనిపిస్తుంది? వరి పొలాల పక్కన సాయంత్రం పోతే పురుగులు వచ్చి అంటుకుంటాయి, వాటిని గిన్నెలు తోమే పీచుతో రుద్దాడు మహానుభావుడు. పాలికార్బొనేట్ రాయి తగిలినా ఓర్చుకుంటుంది గానీ గీతలు తొందరగా పడతాయి, పెట్రోల్ తగిలితే పాడవుతుంది. ఆక్రిలిక్‌కు గీతలు తక్కువ, దెబ్బకు పగిలే గుణం ఎక్కువ. ఏదైనా సరే, తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి మెత్తగా తుడవాలి. ఈ మాత్రం నన్నడిగితే చెప్పేదాన్ని కదా.

నాకు ఎక్కువ మండింది ఇంకోచోట. అద్దం బిగించిన రోజే, "బండి లుక్ పాడవుతుంది" అని శారీ గార్డ్ విప్పించేశాడు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 123వ నియమం చూడండి. వెనక కూర్చునే మనిషికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని రాసి ఉంది. చట్టం అడిగింది విప్పేసి, చట్టం అడగనిదానికి నాలుగున్నర వేలు! అదీగాక నన్ను చున్నీ కట్టుకోమంటారు. ఆ చున్నీ చక్రంలో పడకుండా ఆపేదేదో అదే పాత సామాన్ల సంచిలోకి పోయింది.

నాలుగేళ్లలోపు పిల్లలను ఎక్కించుకుంటే గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దని, వాళ్లకు బెల్టు, హెల్మెట్ ఉండాలని 2022లో నియమం తెచ్చారు. ఆ వేగంలో ఈ అద్దంతో పెద్దగా పనే ఉండదు. చిన్నదానికి హెల్మెట్ కొందామంటే మాత్రం "వచ్చే నెల చూద్దాం" అన్న మనిషి ఈయనే.

కాబట్టి మీ ఇంట్లో కూడా అద్దం ముచ్చట మొదలైతే, కొనకముందే మీరు వెనక కూర్చుని ఖాళీ రోడ్డు మీద పోయి చూడండి. కొంచెం వంగితే హోరు తగ్గిందా, కొంచెం నిటారుగా లేస్తే తగ్గిందా? వంగితే తగ్గినట్టయితే ఇంకాస్త ఎత్తు కావాలి, లేస్తే తగ్గినట్టయితే అద్దం ఎత్తు ఎక్కువైంది. తోలేవాడు తన తలతోనూ ఇదే పరీక్ష చేసుకోవచ్చు. ఇద్దరికీ ఒకే జవాబు రాకపోవచ్చు, అప్పుడు మధ్యస్తంగా ఒకటి చూసుకోవాలి. వాలు మార్చుకునే బిగింపు ఉన్నదైతే ఇంకా మంచిది. కింది అంచు దగ్గర కొంచెం సందు ఉంటే వెనక సుడి తగ్గుతుంది.

మొన్న ఆదివారం పాత అద్దం మళ్లీ బిగించి మెదక్ రోడ్డు మీద ఇట్లాగే పోయి చూశాం. నేను చెప్పాను, ఆయన విన్నాడు. రెండు వేళ్ల ఎత్తు పెరిగితే చాలని తేలింది. తెల్లది, వాలు మారేది వెతుకుతున్నాం. పొగరంగుది అటకెక్కింది, శారీ గార్డ్ బండికెక్కింది. అత్తమ్మ మాత్రం ఇంకా చున్నీ కట్టుకోమనే అంటోంది.